కువైట్‌లో బంతినారు ఎప్పుడు పోయాలి

రిగ్గైలో నేను పనిచేసే ఇంటి ప్రహరీ లోపల, గేటు నుంచి వంటింటి తలుపు దాకా కోనోకార్పస్ చెట్ల వరస ఒకటి ఉండేది. నీళ్ళ కోసం ఎంత దూరమైనా వేళ్ళు పంపే చెట్టు అది. ఆ వేళ్ళు పోయి పోయి మురుగు పైపులో దూరాయి. ఇల్లంతా కంపు కొట్టింది. మనుషులు వచ్చి చెట్లన్నీ కొట్టేసి వేళ్ళతో సహా పెకలించుకుపోయారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే గోడ పొడుగునా మన్ను బయటపడి ఉంది. నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. నేను చీపురు పట్టుకుని దాని ముందు అలాగే నిలబడిపోయాను.

చెబితే నవ్వుతారు కానీ, పన్నెండేళ్ళుగా ఈ దేశంలో నా కాలి కింద మన్ను లేదు. ఇంట్లో పాలరాయి, వాకిట్లో టైల్స్, వీధిలో తారు. శుక్రవారం సెలవు దొరికి అబూ హలీఫాలో మా ఊరివాళ్ళ గదికి పోతే అక్కడా సిమెంటే. మన్ను అంటే కిటికీల మీద పడే దుమ్ము, తుడిచి పారేయాల్సిన పని. మా పుట్టింటివాళ్ళు రాయచోటి దగ్గర పూలతోటలు వేస్తారు. బంతి, చామంతి, కనకాంబరం. పదో తరగతి దాకా బడికి పోయేముందు పూలు కోసిన చేతులు నావి. ఆ చేతులకి ఇన్నేళ్ళూ తుడుపుగుడ్డ తప్ప ఏమీ దొరకలేదు. ఆ మన్ను చూడగానే నాకు ఆశ పుట్టింది, దాచుకోలేనంత ఆశ.

ఇంటి యజమానురాలిని మేం మామా అంటాం. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళందరూ అలాగే పిలుస్తారు. మామాకి ఖాళీ మన్ను కనబడితే చిరాకు. మర్నాడే సబ్హాన్‌లోని టైల్స్ గోదాముకి ఫోన్ చేసింది. కొలతలు తీసుకోవడానికి ఒకతను టేపు పట్టుకుని వచ్చాడు. నేను టీ తెచ్చిస్తే ఒక గుక్క తాగి, "అబ్బ, ఏలక్కాయ బాగా దంచి ఏసినారే" అని తనలో తను అనుకున్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "యా ఊరు తమ్ముడూ?"

"రాయచోటి టౌనే అక్కా. తెలుగోళ్ళని ముందే చెప్పొద్దా! ఇంతసేపూ అరబ్బీలో తంటాలు పడ్తి."

"సరే గానీ, ఈ మన్ను మీద టైల్స్ ఎప్పుడేస్తారు?"

"మేడం ఊ అంటే ఎల్లుండే."

ఎల్లుండే అంటే ఇంక ఒక్క రోజే. చేతులు కూడా తుడుచుకోకుండా నేరుగా మామా దగ్గరికి పోయాను. మా మాటలన్నీ విరిగిన అరబ్బీలోనే జరుగుతాయి, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. "మామా, ఆ మన్ను నాకివ్వు," అన్నాను.

"నీకెందుకు?"

"పూలు వేస్తాను."

మామా నవ్వింది. "పూలు వేసేవాళ్ళు వేరే ఉంటారు. పూసిన మొక్కలే లారీలో తెచ్చి పెడతారు, వాడిపోతే తీసుకుపోతారు. నీకెందుకీ శ్రమ?"

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. నాకు రోషం ఎక్కువ. "మా ఇంట్లో మూడు తరాలుగా పూలు పండిస్తున్నాం. విత్తనం నుంచి తెస్తాను. నాకు ఎవరూ నేర్పక్కర్లేదు," అనేశాను. మామా నన్ను ఎగాదిగా చూసి, "సరే. ఫిబ్రవరి సెలవులకి మా అక్కచెల్లెళ్ళందరూ ఈ ఇంటికే వస్తారు. ఆ రోజుకి ఈ గోడ పొడుగునా పూలుండాలి. లేకపోతే టైల్స్, ఖలాస్," అంది. ఖలాస్ అంటే ఇక మాటల్లేవని. టేపు పట్టుకున్న రాయచోటి తమ్ముడిని వెనక్కి పంపేశారు.

మామా వాళ్ళు వేసవికి ఏదో చల్లటి దేశానికి వెళ్ళి జూలై నడుమ తిరిగొచ్చారు. సామాన్లు సర్దుతుంటే మామా తన చేతిసంచిలోంచి నాలుగు విత్తనాల పొట్లాలు తీసి నా ముందు పెట్టింది. ఒకటి బంతి. ఒకటి పెటూనియా, ఇక్కడ చలికాలంలో రోడ్ల పక్కన పూస్తుందే, ఆ పువ్వు. ఇంకో రెండింటి పేర్లు నాకు నోరు తిరగలేదు. ఒకటి పక్కల నొక్కితే నోరు తెరిచే పువ్వు, ఇంకొకటి నేల మీద పాకే తెల్లటి చిన్నపూలు. కోపిష్టి మనిషే గానీ అంత దూరం పోయి కూడా నా మాట గుర్తుపెట్టుకుంది. ఆ పొట్లాలు కొంగులో మూటగట్టుకుని తిరిగాను ఆ రోజంతా.

సాయంత్రం మా వదినకి వీడియో కాల్ చేశాను. ఇప్పుడు మా పుట్టింట్లో తోట చూసుకునేది ఆవిడే. వెనకాల మబ్బులు కమ్మి ఉన్నాయి, గాలికి ఆవిడ మాటలు ఎగిరిపోతున్నాయి.

"వదినా, ఆషాఢం కదా. బంతినారు పోసెయ్యనా?"

"ఇప్పుడు పోయకపోతే ఇంగెప్పుడు పోస్తావు మే? ఇప్పుడు పోస్తేనే దసరాకి పూలు చేతికొచ్చేది. మేం పోసి వారమాయె!"

అంతే, నేను లేచి కూర్చున్నాను. మా ఇంట్లో ఆషాఢం అంటే నారుమడి. ఆ నెలలో నారు పడకపోతే మా నాయన ఇంట్లో అన్నం ముట్టేవాడు కాదు. ఆషాఢం అక్కడా ఇక్కడా ఒకటేగా! మర్నాడు పది గంటలకి ఇంటిపని ముగించుకుని, గునపంతో మన్ను గుల్ల చేసి, నాలుగు పొట్లాల్లోంచీ సగం సగం విత్తనాలు తీసి వరసగా మడి పోశాను. పైన సన్నగా మన్ను జల్లాను. ట్యూబు పెట్టి నిండా తడిపాను. చెంపల మీంచి చెమట ధారగా కారుతోంది. నేను పాటొకటి కూనిరాగం తీస్తున్నాను కూడా.

ఇక్కడ బతికేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. నీళ్ళ ట్యాంకులు మిద్దె మీద ఉంటాయి. జూలైలో చన్నీళ్ళ కొళాయి తిప్పితే సలసలా కాగే నీళ్ళొస్తాయి. మేం గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళని చల్లనీళ్ళుగా వాడుకుంటాం. ఆ కొళాయి కింద గిన్నెలు తోముతూ వేళ్ళు కాల్చుకునే మనిషిని నేనే. ఆ నీళ్ళే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారం రోజులు విత్తనాల మీద పోసిన మనిషినీ నేనే. పన్నెండేళ్ళుగా కారు తలుపు గుడ్డతో పట్టుకుని తీస్తున్నాను, అయినా తలలో వేలాడే క్యాలెండరు మాత్రం రాయచోటిదే.

పదో రోజుకి ఓపిక చచ్చి మన్ను గోకి చూశాను. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని నొక్కితే మెత్తగా నలిగిపోయాయి. నేను నారు పోయలేదు, గుగ్గిళ్ళు చేశాను. వెనకనుంచి మామా చప్పుడు లేకుండా వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసింది.

"ఏవీ, మూడు తరాలు?" అంది.

ఆ రోజు వంటింట్లో గిన్నెల చప్పుడు వీధి దాకా వినిపించి ఉంటుంది. నాకు కోపమొస్తే నోరు కాదు, గిన్నెలు మాట్లాడతాయి. కోపం మామా మీద కాదు, వదిన మీదా కాదు. పూలమ్మే ఇంట్లో పుట్టి, ఎండ ఎక్కడుందో చూసుకోకుండా విత్తనం వేసిన నా మీద నాకే. ఇంక మిగిలింది సగం విత్తనాలు. అవీ పోతే ఆ నేల టైల్స్ కింద పడిపోతుంది, మళ్ళీ నా జన్మలో ఈ దేశంలో పిడికెడు మన్ను అడగడానికి నాకు మొహం ఉండదు.

అందుకని ఈసారి గొప్పలకి పోకుండా, యూనివర్సిటీలో చదివే మామా కూతురి దగ్గరికి పొట్లాలు పట్టుకెళ్ళి వెనకవైపు చదివి చెప్పమన్నాను. హాల్లో అందరం ఉన్నాం. మామా, కూతురు, సోఫా మూలన జపమాల తిప్పుకుంటూ మామా ఓదా. మామా ఓదా అంటే పెద్ద మామా, మామాకి తల్లి. ఎనభై దాటినావిడ. ఇంట్లో ఆవిడ మాట ఎవరూ దాటరు.

అమ్మాయి చదివింది. "ఆఖరి మంచు పడే రోజుకి ఆరు వారాల ముందు ఇంటి లోపల, వెచ్చటి కిటికీ దగ్గర నారు పోయాలి. ఆఖరి మంచు దాటాక బయట నాటాలి."

"ఆఖరి మంచు అంటే?" అన్నాను.

"చలిదేశాల్లో తెల్లవారుజామున నేల మీద గడ్డకట్టేస్తుంది. లేతమొక్క మీద అది పడితే చచ్చిపోతుంది. అందుకే అది ఎప్పుడు ఆగుతుందో చూసుకుని, వెనక్కి లెక్కేసుకుంటారు."

"మనకసలు మంచే లేదుగా, అయితే ఎప్పుడైనా వేయొచ్చు," అంది మామా.

"ఎప్పుడైనా వేసి చూశాంగా," అంది కూతురు నవ్వుతూ. "ఇక్కడ మార్చి, ఏప్రిల్ అని కూడా ఉంది."

"మార్చికి సెలవులైపోతాయి, మా వాళ్ళొచ్చి వెళ్ళిపోతారు," అంది మామా. ముగ్గురం తలో నెలా పట్టుకుని కూర్చున్నాం. నాది ఆషాఢం, కూతురిది మార్చి, మామాది ఎప్పుడైనా.

మామా ఓదా ఏం గొడవని అడిగింది. మనవరాలు మొత్తం విడమర్చి చెప్పింది. ముసలావిడ జపమాల ఆపింది.

"ఆ దేశంలో మొక్కని చంపేది చలి. ఇక్కడ చంపేది ఏమిటి?"

"ఎండ," అన్నాను.

"మరి ఆఖరి ఎండ ఎప్పుడని అడగరేం?"

నేను పొట్లం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. పొట్లం మీద రాసింది అబద్ధం కాదు, మాకు తిరగేసి చదవడం తెలియలేదు. వాళ్ళు బయట చలికి భయపడి ఇంట్లో వెచ్చగా నారు పోస్తారు. మేం బయట ఎండకి భయపడి ఇంట్లో చల్లగా పోయాలి. ఏసీ ఎందుకుంది మరి! నేనా మాట పైకే అన్నాను. మామా ఓదా నా వైపు వేలు చూపించి, "ఈ పిల్లకి అర్థమైంది," అంది. నలభై ఆరేళ్ళ నన్ను పిల్ల అనేవాళ్ళు ఈ లోకంలో ఆవిడొక్కతే.

ఆఖరి ఎండ సంగతి కూడా ఆవిడే చెప్పింది. సెప్టెంబరు మొదట్లో తెల్లవారుజామున దక్షిణం దిక్కున సుహైల్ అనే నక్షత్రం కనబడుతుందట. అది కనబడితే ఎండకి నడుం విరిగినట్టు. అయినా నేల ఇంకా కాలుతూనే ఉంటుంది. అక్టోబరు నడుమ వస్మ్ అనే కాలం వస్తుంది. అది మొదటి వానల కాలం. ఆ వానలు పడితేనే ఎడారిలో పూలు పూస్తాయి, ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న డేరాలు కట్టించి అక్కడికి తీసుకుపోయేవాడు. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. సుహైల్ నుంచి వస్మ్ దాకా ఆరు వారాలు! పొట్లం మీద రాసిన ఆరు వారాలే! సుహైల్ కనబడగానే లోపల నారు, వస్మ్ వచ్చాక బయట నాట్లు. నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను, మామా ఉలిక్కిపడింది.

వదినకి చెబితే నమ్మలేదు. "దసరా పూలకి మేం కోతలు మొదలుపెట్టేటప్పుడు నువ్వు నారు పోస్తావా? నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా మే?"

"తగిలింది వదినా. అందుకే తెలివొచ్చింది," అన్నాను.

సెప్టెంబరు మొదటి వారంలో ఒకరోజు తెల్లవారుజామున నమాజుకి ముందు మామా ఓదా నన్ను మిద్దె మీదికి తీసుకెళ్ళింది. నా భుజం పట్టుకుని మెట్లెక్కింది. దక్షిణం వైపు వేలు చూపించి, "అదిగో సుహైల్. కనబడిందా?" అంది. నాకు నీళ్ళ ట్యాంకులు కనబడ్డాయి, వాటి మీదుగా మిలమిలలాడే ఎర్ర చుక్క ఒకటి కనబడింది. "కనబడింది, మామా ఓదా! ఎంత ఎర్రగా ఉందో!" అన్నాను. ఆవిడ వేలు దించింది. "అది సెల్‌ఫోన్ టవరు దీపం," అంది. మెట్లు దిగేటంతసేపూ నవ్వుతూనే ఉంది.

ఇక నారు ఎక్కడ పోయాలి? వెలుతురూ ఉండాలి, చల్లగానూ ఉండాలి. ఇంట్లో అలాంటిది ఒక్కటే చోటు, దీవానియా. అంటే మామా భర్త, మేం బాబా అంటాం, ఆయన స్నేహితులతో కూర్చునే హాలు. అక్కడ తూర్పుకి పెద్ద కిటికీ, ఏసీ పగలంతా ఆగకుండా తిరుగుతుంది. ఆడవాళ్ళ సామాన్లు అక్కడ పెట్టడమంటే మాటలు కాదు. బాబా ఒప్పుకోనన్నాడు. మామా ఓదా అల్లుణ్ణి పిలిపించి ఏదో రెండు ముక్కలు చెప్పింది. బాబానే స్వయంగా కిటికీ దగ్గర బల్ల వేయించాడు.

పెరుగు డబ్బాలకి అడుగున చిల్లులు పొడిచి, గుడ్ల అట్టల్లో మన్ను నింపి, ఈసారి సీసాలో నీళ్ళు చల్లార్చి చేత్తో చిలకరించాను. పెటూనియా విత్తనాలు గసగసాలకన్నా సన్నం, తుమ్మితే పోతాయి. ఊపిరి బిగబట్టి పోశాను. నాలుగో రోజు పొద్దున బంతి మొలిచింది. మన్ను పగలదీసుకుని, వంగిన మెడలతో, పచ్చగా, ఇరవైకి పైగా. నేను దీవానియాలో ఒక్కదాన్నే నిలబడి పకపకా నవ్వాను. ఆ పసరు వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో!

ఆ తర్వాత బాబా స్నేహితులకి వేరే కబుర్లు లేకుండా పోయాయి. రాజకీయాలు, ఫుట్‌బాల్ మానేసి, ఇవాళ ఎన్ని ఆకులు వేసిందని ఒకరినొకరు అడుగుతున్నారు. ఒక పెద్దాయన మాత్రం రోజూ తను తాగగా మిగిలిన టీ ఒక డబ్బాలో పోస్తున్నాడు, మొక్కకి బలమని. చక్కెర టీ! చీమలు పట్టి ఆ డబ్బా మొత్తం పోయింది. ఒకరోజు ఆయన గ్లాసు వంచుతుండగా నేను చూశాను. ఎవరితో మాట్లాడుతున్నానో మరిచిపోయి, "లా! లా! వద్దు! నీ టీ నువ్వే తాగు!" అని అరిచేశాను. కబుర్లాడుతున్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ పెద్దాయన గ్లాసు కింద పెట్టి, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాతి వారం వఫ్రాలో ఉన్న తన తోట నుంచి గొర్రెల ఎరువు బస్తా పంపించాడు, నా పేరు చెప్పి.

అక్టోబరు నడుమ వస్మ్ వచ్చింది. నేను సంబరంగా ఒక అట్ట తీసుకుపోయి బయట పెట్టాను. అరగంటలో మొక్కలన్నీ సొమ్మసిల్లాయి. మళ్ళీ పొట్లం తీసుకుని అమ్మాయి దగ్గరికి పరుగు. "బయటి చలికి రోజుకి కాసేపు చొప్పున అలవాటు చేయాలని ఉంది," అంది. "తిరగేసి చదువు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి పొద్దున్నే అట్టలన్నీ మోసుకెళ్ళి బయట పెట్టడం, ఎండ ముదరకముందే లోపలికి తేవడం. మొదట గంట, తర్వాత రెండు గంటలు, తర్వాత మధ్యాహ్నం దాకా. "పిల్లల్ని బడికి పంపుతున్నావా?" అని మామా కిటికీలోంచి వెక్కిరించేది. నవంబరు రాకముందే అన్నీ నాటేశాను. మొదటి వాన పడ్డ రోజు వంటింటి తలుపు తెరిచి ఆ తడిమన్ను వాసన కూరల మీదికి రానిచ్చాను. కూర మాడింది. అందరూ అదే తిన్నారు.

డిసెంబరులో బంతి మొదటి పువ్వు విచ్చింది. జనవరి కల్లా గోడ పొడుగునా నేల కనబడలేదు. పసుపు, నారింజ, ఊదా, మధ్యలో తెల్లగా పాకే పూలు. వీడియో కాల్‌లో చూపిస్తే వదిన ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, "కాడ ఎంత లావుండాదో చూపీ," అంది. పూలమ్మే మనిషి నోట అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు. ఫిబ్రవరి సెలవులకి మామా అక్కచెల్లెళ్ళు వచ్చి, పిల్లల్ని పూల ముందు నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. ఎవరు వేశారని అడిగితే మామా గర్వంగా, "మా ఇంట్లో మూడు తరాలుగా పూలు పండిస్తున్నాం," అంది. నేను ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. గెలిచాననుకున్నాను.

ఏప్రిల్ చివరికి వేడిగాలి మొదలైంది. ముందు పెటూనియా మాడింది. తర్వాత ఆ నోరు తెరిచే పూలు. మే నెలలో ఒక దుమ్ముగాలి మూడు రోజులు కొట్టి ఆగేసరికి బంతి కూడా నిలువునా ఎండిపోయి, గోడ పొడుగునా గోధుమరంగు పుల్లలు మిగిలాయి. నాకదేం దిగులు కాలేదు. ఒక్క పంట మొక్కలవి, పూసి, విత్తనం పెట్టి, పోతాయి. మా ఇంట్లో అది చిన్నపిల్లకి కూడా తెలుసు. మామాకి తెలియదని నాకు తోచలేదు. ఆవిడ జీవితంలో చూసిన మొక్కలన్నీ లారీలో పూలతో వచ్చి, వాడగానే లారీలో వెళ్ళిపోయినవే.

ఒక పొద్దున గేటు చప్పుడైతే తీశాను. టేపు పట్టుకుని రాయచోటి తమ్ముడు. వెనక బండిలో టైల్స్ పెట్టెలు.

"ఏం తమ్ముడూ, ఇట్లొచ్చినావు?"

"మేడం ఫోన్ చేసింది కదక్కా. మొక్కలన్నీ సచ్చిపోయినాయి, ఏసేయమని."

నేను గేటుకి అడ్డంగా నిలబడ్డాను. మామా బయటికొచ్చింది. "అయిపోయిందిగా. బాగా పూశాయి, నీకు షుక్రన్. చచ్చిపోయినవాటికి మన్నెందుకు? యల్లా, మొదలుపెట్టమను," అంది. కోపంగా కూడా కాదు, మామూలుగా. దానికే నాకు భయం వేసింది. కోపమైతే బతిమాలవచ్చు.

"చచ్చిపోలేదు మామా!" అంటూ నేను ఆ పుల్లల్లో మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఎండిన బంతిపువ్వు ఒకటి తెంపి, చీల్చి, నల్లటి విత్తనాలు నా అరచేతిలో రాల్చి పైకెత్తాను. "చూడు. పని ముగించుకున్నాయి, అంతే. ఒక్క పువ్వులో యాభై ఉన్నాయి. ఇవి పొట్లంలోవి కావు, ఇక్కడి ఎండ చూసినవి. మళ్ళీ వేస్తాను."

మామా వంగి నా అరచేతిలోకి చూసింది. వేలితో ఒక విత్తనం కదిపింది. "ప్రతి ఏడూ ఇలా ఎండిపోతాయా?"

"ప్రతి ఏడూ."

"ప్రతి ఏడూ మళ్ళీ మొదటినుంచి వేయాలా?"

"అవును మామా."

"ఎవరు వేస్తారు?"

"నేను."

"వచ్చే ఏడు?"

"నేనే."

"ఆ పై ఏడు?"

నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కాగితం, ఆ నెలలోనే తిరగరాయాలి. ఏటేటా మామా ఎన్నేళ్ళకని అడుగుతుంది, నేను ఏటేటా ఒక్క ఏడాదికే అంటాను. ఈ ఒక్కటీ అయితే చాలు, ఇంటికి పోతానని. ఎండలో, ఆ పుల్లల మధ్య, మన్ను అంటిన మోకాళ్ళతో నేను ఊళ్ళో మా పిల్లల ముఖాలు, ఇంట్లోవాళ్ళ ముఖాలు అన్నీ తలుచుకున్నాను. అరచేతిని మాత్రం విత్తనాల మీద బిగించి మూసుకున్నాను.

"అదీ నేనే," అన్నాను.

మామా నడుం నిటారు చేసుకుంది. "అయితే నువ్వున్నంతకాలం మన్ను. నువ్వు పోయిన మర్నాడు టైల్స్," అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి, "నీ ఇఖామా రెండేళ్ళకి రాయిస్తున్నాను," అంది.

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నేను లేకపోతే ఆగిపోయే పని ఒక్కటీ లేదు. ఊడవడానికీ, వండటానికీ ఇంకొకరొస్తారు. మొదటిసారి ఒకటి నా మీద ఆధారపడి ఉంది. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం వెనకే, అయ్యో ఇంకా రెండేళ్ళా అన్న బాధ కూడా వచ్చి పక్కన కూర్చుంది. రెండూ కలిసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

రాయచోటి తమ్ముడు టేపు చుట్టేస్తూ నిలబడ్డాడు. "అయితే నేను మళ్ళెప్పుడు రావాలక్కా?"

"నేను ఇంటికి పోయినప్పుడు."

"అదే, ఎప్పుడు పోతావు?"

ఈ ప్రశ్న ఎవరడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. వచ్చే ఉగాదికి ఖలాస్ అని, తడుముకోకుండా చెప్పేదాన్ని. మా పిల్లలకీ అదే చెప్పాను, మొన్న శుక్రవారం కూడా చెప్పాను. ఆ పొద్దున నోరు తెరిచాను గానీ, ఉగాది మాట బయటికి రాలేదు. పిడికిట్లో విత్తనాలు చెమటకి తడిసిపోతున్నాయి, ముందు వాటిని ఆరబెట్టాలి.

"అదడగద్దు తమ్ముడూ," అన్నాను. "ఉండు, టీ తెస్తా."